కోయని తాడు

వీడియో పదిహేను సెకన్లే. దీప దాన్ని మూడుసార్లు చూపించాల్సి వచ్చింది.

"మజర్ బాబాయ్ స్టేటస్ నాయినా. మస్తు ఎత్తుల ఉన్నడు కదా!" అంది ఆమె, ఫోను తండ్రి చేతికిచ్చి.

సారంగపాణి మజర్ ముఖం చూడలేదు. చెట్టు ఎత్తు చూడలేదు. అతని చూపు మజర్ నడుం దగ్గర వేలాడుతున్న తాడు కొస మీద ఆగిపోయింది. నీలం తాడు. అందులో పసుపు పోగు. కొస విడిపోకుండా తెల్ల దారంతో ఏడు చుట్లు, వాటి మీద అడ్డంగా రెండు కుట్లు. వరంగల్ మొత్తంలో తాడు కొసను అలా కుట్టేవాడు ఒక్కడే. ఆ కుట్లు తనవే.

"ఎప్పుడు పెట్టిండిది?"

"పావుగంట అయింది. ఏమైంది నాయినా?"

అతను అప్పటికే మజర్‌కు ఫోన్ చేస్తున్నాడు. మూడుసార్లు మోగి ఆగింది. నాలుగోసారి మజరే కట్ చేశాడు. ఐదోసారికి స్విచాఫ్.

"ఎత్తడు నా కొడుకు. తిట్టనీకే చేస్తున్ననుకుంటున్నడు," అన్నాడు సారంగపాణి పళ్లు బిగించి, ఓంప్రకాశ్ నంబరు నొక్కాడు.

ఓంప్రకాశ్ చెట్లు కొట్టించే కాంట్రాక్టరు. పన్నెండు రోజుల కిందటి వరకు సారంగపాణి అతని దగ్గరే పెద్ద మేస్త్రీ. పదకొండేళ్లు పనిచేశాడు. చెట్టెక్కే ప్రతివాడికీ పని నేర్పింది అతనే, మజర్‌తో సహా.

"ఓంప్రకాశ్ సార్, మజర్‌ను తాడు మీద దింపకు. అది బ్యాటరీ నీళ్లు పడ్డ తాడు. గోదాంల ఎర్రగుడ్డ కట్టి పెట్టిన గదా, అదే!"

"మళ్ల మొదలువెట్టినవా?" అటునుంచి నవ్వు వినిపించింది. "నిన్ను తీసేసిన్నని నా పని ఆపుతవా? తాడు నేను చూసిన. కొత్తదాని లెక్క ఉంది. ఫోన్ పెట్టు."

లైను తెగిపోయింది.

సారంగపాణి లేచాడు. ఇంట్లో అతనికి హెల్మెట్ లేదు, నడుం బెల్టు లేదు, తాడు లేదు. అన్నీ కంపెనీవే, అన్నీ ఓంప్రకాశ్ ఉంచేసుకున్నాడు. గోడకు తండ్రి ఎల్లస్వామి మోకు మాత్రం వేలాడుతోంది. మణికట్టంత లావున్న తాడు. తాటిచెట్టునూ మనిషి నడుమునూ కలిపి చుట్టి, దాని మీద వెనక్కి వాలి చెట్టెక్కేవాళ్లు. దాని పక్కనే పాదాలు రెండూ కలిపి ఇరికించే చిన్న తాడు చుట్ట. ఎల్లస్వామి పోయి ఆరేళ్లయింది. సారంగపాణి ఏడాదికోసారి దానికి నూనె రాస్తాడు, అంతే.

రెండూ లాగి భుజాన వేసుకుని బండి తీశాడు.

*

కాజీపేట బ్రిడ్జి ఎక్కేసరికి అతను గట్టిగా తిట్టుకుంటున్నాడు. పక్కన ఆటోవాడు తల తిప్పి చూశాడు. ఓంప్రకాశ్‌ను తిట్టాడు, మజర్‌ను తిట్టాడు. చివరికి తనను తాను తిట్టుకున్నాడు. ఆ చివరి తిట్టు మాత్రం బయటికి రాలేదు.

జరిగింది చిన్న సంగతే. పికప్ బండిలో పాత ఇన్వర్టర్ బ్యాటరీ ఒకటి పక్కకు ఒరిగింది. దాని నీళ్లు తాడు చుట్ట మీద కారాయి. కడిగి ఆరబెడితే తాడు కొత్తదానిలా కనిపించింది. కానీ బ్యాటరీలో ఉండేది యాసిడ్. అది నైలాన్‌ను లోపల్నుంచి తినేస్తుంది. పైకి ఒక్క పోగు కూడా లేవదు. మనిషి బరువు పడిన రోజు పుటుక్కున తెగుతుంది.

అలాంటి తాడును ఏం చెయ్యాలో సారంగపాణి పదకొండేళ్లుగా అందరికీ చెప్పాడు. పనికిరాదని తేల్చిన తాడును ఆ పూటే మూరెడు మూరెడు ముక్కలు చెయ్యాలి. రేపు చేద్దామని పెడితే ఎవడో ఒకడు తెలియక ఎక్కుతాడు. అతని గుంపులో దానికి ఒకటే మాట: కొయ్యని తాడు మంచి తాడు.

ఆ తాడును అతను కొయ్యలేదు.

రెండేళ్ల కిందట ఏటూరునాగారం దారిలో ఎండిన కొమ్మ విరిగి అరవై అడుగుల ఎత్తున అతను గాలిలో తేలినప్పుడు పట్టుకున్నది ఆ తాడే. మోసిన తాడు మీద కత్తి పెట్టొద్దురా అనేవాడు తండ్రి. వాళ్లింట్లో పాత మోకులను కొయ్యలేదు, కాల్చలేదు. అటక మీద పెట్టేవాళ్లు. కత్తి తీశాడు, తాడు మీద ఆనించాడు, మళ్లీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఎర్రగుడ్డ కట్టి మేకుకు తగిలించాడు. చాల్లే అనుకున్నాడు.

మర్నాడు కొత్త తాడు కావాలని అందరి ముందూ అడిగాడు. ఓంప్రకాశ్ రేపటి నుంచి రావద్దన్నాడు. మజర్ పక్కనే ఉండి నేల చూశాడు. ఒక్క మాట మాట్లాడలేదు.

వీడియోలో కనిపించిన హాస్టల్ గోడ అతనికి తెలుసు. హనుమకొండలో ఒక ప్రైవేటు కాలేజీ. హాస్టల్ పైకప్పు మీదికి ఒరిగిన ఆ జామాయిలు చెట్టును నెల కిందట చూసి, ఎలా కొట్టాలో చెప్పింది తనే. నిచ్చెన మీంచి మొదటి కొమ్మ అందుకోవాలి. నడుం తాడు చెట్టుకు చుట్టుకుంటూ కొమ్మ కొమ్మకూ ఎక్కాలి. దాటిన కొమ్మనల్లా కోసేస్తూ పోవాలి. పైకి చేరేసరికి కింద నున్నటి మొద్దు తప్ప ఏమీ మిగలదు. దిగడానికి ఉండేది ఒక్క తాడే.

అంటే ఎక్కినంతసేపు మజర్‌కు ఏమీ కాదు. దిగేటప్పుడే.

*

కాలేజీ గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు చెయ్యి అడ్డం పెట్టాడు. "నీ పేరు సారంగపాణా? నిన్ను రానియ్యద్దన్నరు."

"అయితే నువ్వు చూడలే నన్ను," అని సారంగపాణి బండిని గేటు సందులోంచి పోనిచ్చాడు. వెనక విజిల్ మోగుతూనే ఉంది.

చెట్టు కింద నేలంతా కొమ్మలు, ఆకులు. ఘాటైన జామాయిలు వాసన. యాభై అడుగుల బోడి మొద్దు. దాని తలన మిగిలిన రెండు మోడుల మధ్య మజర్. నీలం తాడు ఒక కొస అతని నడుముకు ఉంది, మిగతాది ఆ మోడుల పంగలోంచి కిందికి వేలాడుతోంది. రంపం మిషన్ రొద.

"మజరూ! తాడు మీదికి రాకు!"

చెవులకు మూతలు పెట్టుకున్నవాడికి ఏం వినపడుతుంది? నీడలో నిలబడ్డ ఓంప్రకాశ్ మాత్రం విన్నాడు. పరుగున వచ్చి సారంగపాణి చొక్కా పట్టుకున్నాడు.

"సిగ్గు లేదురా? పిల్లలు చూస్తాండ్రు. లొల్లి చేసి నా కాంట్రాక్టు పోగొడ్తవా?"

"తాడు కాలింది సార్! వాన్ని ఆపు!"

"కాలింది నీ కడుపు!"

పెనుగులాట పైనుంచి మజర్ కంటపడింది. అతను చూసింది అరుస్తున్న పాత మేస్త్రీని, చొక్కా పట్టుకున్న యజమానిని. మిషన్ ఆపాడు. బెల్టుకు తగిలించాడు. ఆగు, వస్తున్నా అన్నట్టు వేలు చూపించాడు. పని మధ్యలోకి కొట్లాటకొచ్చిన మనిషి సంగతి తేల్చడానికి దిగుతున్నాడు. అతని చెయ్యి నడుం తాడు కొక్కెం మీదికి పోయింది. అది విప్పితే మొత్తం బరువు నీలం తాడు మీదే.

అరిస్తే మరింత తొందరపడతాడు. సారంగపాణి ఓంప్రకాశ్‌ను ఒక్క తోపు తోశాడు. కింద పడి ఉన్న గొడ్డలి అందుకుని, దాని వీపుతో మొద్దును కొట్టాడు.

ఒకటి. ఆగి, రెండు. ఆగి, మూడు.

మిషన్ రొదలో మాట వినపడదని అతనే పెట్టిన గుర్తు అది. దెబ్బ మొద్దులోంచి పాకి పైవాడి కాళ్లకు తగులుతుంది. మూడు దెబ్బలంటే ఉన్నచోటే ఉండు, నడుం తాడు విప్పకు. కారణం అడగడానికి లేదు.

మజర్ చెయ్యి కొక్కెం మీదే ఆగిపోయింది. ఎంత కోపం ఉన్నా ఎనిమిదేళ్ల అలవాటు అది. చెవుల మూతలు పైకి తోశాడు.

"ఏందన్నా ఇది? పని కాడికొచ్చి తమాషనా?"

"నువ్వు దిగబోయే తాడు బ్యాటరీ నీళ్లు పడ్డదిరా! కుట్లు చూడు, నావి!"

మజర్ కుట్లు చూసుకున్నాడు. "అయితే ఏంది? తాడు నిండుగ ఉంది. చెడ్డదైతే నువ్వు కొయ్యవా? కొయ్యని తాడు మంచి తాడని నువ్వే గదా చెప్పినవ్!"

సారంగపాణి చెయ్యి జేబులో మడిచి ఉన్న కత్తిని తడిమింది.

"విన్నవా?" అన్నాడు ఓంప్రకాశ్ ప్యాంటు దులుపుకుంటూ. తల పైకెత్తాడు. "మజర్, దిగు! తాడు నా గ్యారంటీ. ఈయన మాట విని ఆన్నే కూసుంటవా సాయంత్రం దాకా?"

పైన మజర్ ఒకసారి ఇతన్ని, ఒకసారి అతన్ని చూశాడు. చెయ్యి మళ్లీ కొక్కెం మీద కదిలింది.

"ఇప్పకు బిడ్డా!"

ఆ గొంతు సమ్మమ్మది. కొట్టిన కొమ్మలు ఈడ్చి బండికెత్తే పని ఆమెది. యాభై ఏళ్లుంటాయి. ఎప్పుడూ ఎవరి గొడవలోనూ నోరు పెట్టని మనిషి నెత్తిమీది మోపు ధబాలున కింద పడేసింది. నెత్తిన చుట్టకుదురుగా పెట్టుకున్న గుడ్డను లాగి పైకెత్తి ఊపింది. ఎర్రగుడ్డ.

"ఆ తాడుకు ఈ గుడ్డ ఉండె మజరూ! పొద్దుగాల సారే ఇప్పమన్నడు. గుడ్డెందుకో నాకెరికలే. ఊకే పారేసుడెందుకని నెత్తికి పెట్టుకున్న."

"సమ్మమ్మా, నోరు ముయ్!" అరిచాడు ఓంప్రకాశ్.

"ఇన్నేండ్లు మూసుకునే ఉన్న గద సారూ. ఆడ ఎక్కినోడు నీ కొడుకైతే మూసుకొమ్మంటవా?"

మజర్ కొక్కెం మీంచి చెయ్యి తీశాడు. మొద్దును రెండు చేతులా వాటేసుకున్నాడు.

*

నిచ్చెన ఇరవై అడుగులే. ఫైర్ బండి వచ్చినా హాస్టల్ వెనక సందులోకి దూరదు. ఇంకో తాడు తెప్పించాలంటే గోదాం వరంగల్ అవతల ఉంది, తాళంచెవి ఓంప్రకాశ్ జేబులో ఉంది, అడిగితే ఇంట్లో మరిచిపోయానంటున్నాడు.

"నీళ్లు పంపాల్నా పైకి?" అంది సమ్మమ్మ.

"రంజాన్ రోజా ఉన్నడు, తాగడు," అన్నాడు సారంగపాణి. తెల్లవారుజామున తిన్నదే. అప్పటినుంచి ఎండలో నాలుగు గంటలుగా పైనే ఉన్నాడు. మజర్ ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకోవడం కిందికి కనిపిస్తోంది. నడుం తాడు మీద వేలాడుతూ మనిషి ఎంతోసేపు ఉండలేడు. కాళ్లు తిమ్మిరెక్కి సోయి తప్పుతుంది.

సారంగపాణి చెప్పులు విడిచాడు. నిచ్చెన చివరికి ఎక్కి, మోకును మొద్దు చుట్టూ వేసి నడుముకు బిగించాడు. పాదాలు చుట్టలో ఇరికించాడు. వెనక్కి వాలాడు. మోకు మూలిగింది కానీ నిలిచింది. పాదాలు పైకి, మోకు పైకి. మళ్లీ పాదాలు, మళ్లీ మోకు. తాటిచెట్టు గరుకుగా ఉంటుంది. ఈ చెట్టు సబ్బులా ఉంది. ఒకచోట మోకు మూరెడు జారింది. చెంప చెక్కుకుపోయింది. కింద ఎవరో అమ్మాయి కెవ్వుమంది.

మజర్ బూట్ల కిందికి చేరేసరికి ఊపిరి అందడం లేదు.

"ఎందుకొచ్చినవన్నా?" అన్నాడు మజర్. గొంతు ఎండిపోయి మాట గీరుకుంటోంది. "ఫోన్ల చెప్పరాదా?"

"ఎత్తితే గదరా గాడిదా!"

"నువ్వు తిట్టనీకి చేసినవనుకున్న."

"తిట్టనీకి కూడా చేస్త. ముందు ఇను. బూట్లు కింద పారెయ్. రెండు కాళ్లు నా భుజాల మీద పెట్టు. నేను రెండు జానలు దిగుత, నువ్వు నడుం తాడు రెండు జానలు దించు. నీలం తాడు కొస ఇప్పి కిందికి ఇడువు, మళ్ల ముట్టుకోకు."

బూట్లు ఒకటొకటిగా నేల మీద పడ్డాయి. చెమట పట్టిన పాదాలు భుజాల మీద ఆనాయి. డెబ్బై కిలోల బరువు మెడ నరాల్లోకి దిగింది. మోకు బిగుసుకుంది.

రెండు జానలు. ఆగారు. రెండు జానలు.

"ఓంప్రకాశ్‌గాన్ని నేను ఇడిచిపెట్టనన్నా," అన్నాడు మజర్ పైనుంచి. "గుడ్డ ఇప్పదీసి నన్ను ఎక్కిస్తడా? ఇంటామె ఫిర్దోస్ ఇఫ్తార్‌కు ఏం వండాల్నని అడిగింది పొద్దుగాల. వానికి నేను..." మాట ఆగింది. మళ్లీ అన్నాడు. "కానీ ఒకటి సమజ్ కాలే. నువ్వు పనికిరాదన్న తాడు నిండుగ ఎట్లుంది? ముక్కలు అతికిస్తరా ఎవడన్నా?"

రెండు జానలు దిగారు. సారంగపాణి నుదురు మొద్దుకు ఆనించాడు. అబద్ధం చెప్పడానికి ఇంతకంటే మంచి చోటు దొరకదు. కోశాననీ, అది ఇంకో తాడనీ చెప్పొచ్చు. పైవాడికి తన ముఖం కనిపించదు.

"నేను కొయ్యలేదురా."

పాదాలు బిగుసుకున్నాయి.

"కత్తి పెట్టబుద్ధి కాలే. నన్ను మోసింది గదా అని గుడ్డ కట్టి ఇడిసిన."

మళ్లీ రెండు జానలు దిగారు. తర్వాత మజర్ చిన్న గొంతుతో, ఒక్కో మాటా విడివిడిగా అన్నాడు. "తాడు తియ్యంగనే కోసిన జాడ ఉందా అని చూసిన. కొయ్యలేదు. పాణన్న కొయ్యలేదంటే మంచిదే అనుకున్న. వాని గ్యారంటీ మీద ఎక్కలే నేను. నీ మాట మీద ఎక్కిన."

"ఎరికేరా."

"కిందికి దిగనియ్. నీ సంగతి చెప్త."

"చెప్పు. ముందు కాలు సరిగ్గ పెట్టు."

నిచ్చెన మీద మజర్ పాదం ఆనడానికి ఇరవై నిమిషాలు పట్టింది.

*

నేల మీదికి రాగానే ఓంప్రకాశ్ చప్పట్లు కొట్టాడు. "అయిపోయిందా సర్కస్? తాడుకేమన్న అయిందా? చూడుండ్రి, నిక్షేపంగ ఏలాడుతాంది. పదకొండేండ్లు అన్నం పెట్టినందుకు నా పరువు తీసినవ్ పాణీ."

"అయితే నువ్వు ఏలాడు," అన్నాడు మజర్.

"ఏందీ?"

"తాడు మంచిదే అంటున్నవ్ గదా. రెండు నిమిషాలు ఏలాడు. నీ గ్యారంటీ చూస్తం."

ఓంప్రకాశ్ వాచీ చూసుకున్నాడు.

మజర్ కొమ్మల వైపు నడిచాడు. తన ఒడ్డూ పొడుగూ ఉన్న దుంగ ఒకటి దొర్లించుకొచ్చాడు. నీలం తాడు ఒక కొసకు కట్టాడు. రెండో కొసను సమ్మమ్మ, కొమ్మలు మోసే ఇద్దరు, చివరికి గేటు నుంచి తరుముకొచ్చిన సెక్యూరిటీ గార్డు కూడా పట్టుకున్నారు. లాగారు. దుంగ నేల విడిచింది. మనిషెత్తు లేచింది. రెండు మనుషుల ఎత్తు లేచింది. పంగ మీదికి తాడు నడిమి భాగం చేరింది.

పెద్ద చప్పుడేమీ కాలేదు. లాగుతున్న నలుగురూ వెనక్కి పడ్డారు. దుంగ నేలకు కొట్టుకుని ఒకసారి ఎగిరి, పగిలి రెండయింది.

మజర్ పగిలిన దుంగను చూశాడు. దాని దగ్గరికి పోయి కాలితో కదిపి మళ్లీ చూశాడు. వెనక్కి తిరిగాడు. అందరూ ఓంప్రకాశ్ వైపే వెళ్తాడనుకున్నారు. ఓంప్రకాశ్ కూడా అదే అనుకుని రెండడుగులు వెనక్కి వేశాడు.

మజర్ నేరుగా సారంగపాణి దగ్గరికి వెళ్లి చెంప మీద కొట్టాడు.

"ఎందుకు కొయ్యలే?"

చెక్కుకుపోయిన చెంపే. సారంగపాణి చెయ్యి ఎత్తలేదు.

"నాకు నేర్పినోనివి నువ్వు. వాడు దొంగ, వాడట్లనే చేస్తడు. నువ్వెందుకు కొయ్యలే?"

సారంగపాణి జేబులోంచి కత్తి తీశాడు. తెగి పడ్డ తాడును కాలి కింద నొక్కి పట్టి మొదటి మూర కోశాడు. రెండో మూర. మూడోది. అడ్డదిడ్డంగా, పళ్లు కొరుకుతూ, పోగులు ఎగిరిపడేలా కోశాడు. తండ్రి మాట గుర్తొచ్చింది. వచ్చినా కత్తి ఆగలేదు.

"మంచి పని చేస్తున్నవ్," అన్నాడు ఓంప్రకాశ్. అతని గొంతులో ఉన్నట్టుండి మెత్తదనం వచ్చింది. "మొత్తం కోసెయ్. ఆ నడిమిది కూడా. అన్నీ ఇటియ్యి, పెట్రోలు పోసి కాలపెడ్తం. ఎవలకూ పంచాయితీ ఉండది. రేపటి నుంచి పనిలకు కూడా రా." వంగి, తెగిన చోట లోపలి పోగుల్లో గోధుమరంగు మరక ఉన్న ముక్క మీద చెయ్యి వేశాడు.

సారంగపాణి కత్తి పక్కన పెట్టి అతని మణికట్టు పట్టుకున్నాడు. పదకొండేళ్లు కొమ్మలు పట్టిన చెయ్యి. ఓంప్రకాశ్ వేళ్లు వాటంతటవే విచ్చుకున్నాయి.

"ఇది నేను కొయ్యను. ఇది స్టేషనుకు పోతది."

"పిచ్చోడా, స్టేషన్ల నీ పేరే ముందు రాస్తరు! కొయ్యనిది నువ్వు!"

"రాయనియ్. నేను కొయ్యలే, నువ్వు గుడ్డ ఇప్పించినవ్. రెండూ రాయిస్త."

మరక ఉన్న తెగిన కొసలు రెండూ, తన కుట్లున్న కొస ఒకటీ విడిగా తీశాడు. సమ్మమ్మ అడక్కుండానే ఎర్రగుడ్డ తెచ్చి ఇచ్చింది. వాటిని అందులోనే మూటగట్టాడు.

"నేను కూడా వస్త," అంది ఆమె. "ఇప్పింది నేను గదా. నేనే చెప్పాలె."

"నువ్వు ఆటోల రా సమ్మక్కా."

ఓంప్రకాశ్ ఫోనులో ఎవరికో, సార్ సార్ అంటూ, చెట్టు చుట్టూ తిరుగుతున్నాడు. ఎవరూ అతని వైపు చూడలేదు. నీలం తాడు ముక్కలు నేలంతా పడి ఉన్నాయి, మూరెడు మూరెడు. వాటితో మేకను కూడా కట్టెయ్యలేరు.

సారంగపాణి మోకు భుజాన వేసుకుని బండి స్టార్ట్ చేశాడు. కాసేపటికి వెనక సీటు కుంగింది. ఎనిమిదేళ్లుగా పనికి పోయేటప్పుడు ఆ బండి మీద మజర్ అతని భుజం పట్టుకుని కూర్చునేవాడు. ఇవాళ వెనక ఉన్న ఇనుప కడ్డీ పట్టుకున్నాడు.

"పోనీ," అన్నాడు మజర్.

ఇద్దరి మధ్య ఎర్రమూట పెట్టుకుని వాళ్లు పోలీస్ స్టేషన్ దారి పట్టారు.